మావయ్యతో చప్పుడు లేని ఊరికి

పోయిన నెల మా ఆవిడ నన్ను చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. లాక్కెళ్లింది అన్న మాట ఊరికే వాడటం లేదు. టీవీ సౌండు గురించి మా ఇంట్లో రెండేళ్లుగా నడుస్తున్న తగువులో ఆఖరికి నేనే ఓడిపోయాను. పక్కింటివాళ్లు మా టీవీలో వార్తలు వినేసి తమ టీవీ కట్టేసుకుంటున్నారని ఆవిడ వీధంతా చెప్పుకుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని కూడా అందట, అదృష్టవశాత్తూ అది నాకు వినపడలేదు. ఆస్పత్రిలో ఒక చెక్క గది ఉంది, మన పాత ఎస్టీడీ బూత్ అంత ఉంటుంది. అందులో నన్ను కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతిలో ఒక బటన్ పెట్టి, ఏదైనా వినపడగానే నొక్కమని చెప్పి, మందపాటి తలుపు మూసేశారు. కూర్చున్నాను. ఎంతసేపటికీ ఏమీ వినపడదే. మెషీన్ ఇంకా ఆన్ చేయలేదేమోనని అద్దం అవతలున్న అమ్మాయిని చూసి, "బేటీ, మెషీన్ చాలూ కియా క్యా?" అని అడిగాను. ఆ పిల్ల జాలిగా నవ్వి, "అంకుల్, ఆధా టెస్ట్ హో గయా," అంది. సగం పరీక్ష అప్పటికే అయిపోయిందట. ఆ మిగిలిన సగం పరీక్షలో నేను చెవుల గురించి ఆలోచించనే లేదు. తలుపు మూసిన ఆ గదిలో నాకు మా మావయ్య గుర్తొచ్చాడు, ఆయనతో వెళ్లిన ఒక ఊరు గుర్తొచ్చింది, ఆ ఊళ్లో ఆయన నాతో అన్న మాటను పదిహేనేళ్లుగా మా అత్తకు చెప్పకుండా దాచిన సంగతి గుర్తొచ్చింది.

మావయ్యంటే మా అమ్మకు సొంత తమ్ముడు. మా బంధువుల్లో సగం మందిని శ్రీకాకుళం వైపు పల్లెల నుంచి భిలాయ్ రైలెక్కించింది ఆయనే. తను మాత్రం ఇరవై ఏళ్లు నిండకుండానే ఒక పరుపుచుట్టతో వచ్చి అక్కడి క్యాంప్ 1 బస్తీలో ఎవరో ఊరివాళ్ల అరుగు మీద ఆరు నెలలు పడుకుని, ఉక్కు ప్లాంటులో చేరాడు. నా ఇంటర్ కాగానే నన్నూ తీసుకొచ్చి ఐటీఐలో పడేశాడు. తర్వాత నేనూ ఆయన పనిచేసే మిల్లులోనే తేలాను. రైలు పట్టాలు తయారయ్యే మిల్లు అది. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మ ఒక వైపు నుంచి వస్తుంది, రోలర్ల మధ్య నలిగి నలిగి పొడుగు పట్టా అయి రెండో వైపు పోతుంది, అక్కడ ఒక గుండ్రటి రంపం దాన్ని కొలతకు కోస్తుంది. ఆ రంపం వేడి పట్టా మీద పడినప్పుడు వచ్చే కూత ఎలా ఉంటుందో రాయడం నా వల్ల కాదు. మా కాలంలో చెవుల్లో పెట్టుకోవడానికి రబ్బరు బిరడాలు ఇచ్చేవారు. మావయ్య వాటిని జేబులో పెట్టుకునేవాడు. "బిరడా పెట్టీసుకుంటే మిల్లు ఏటి చెప్తందో ఎలా తెలుస్తాదిరా," అనేవాడు. అది గొప్పలు పోవడం కాదు. రోలరు ఏ మాత్రం తేడాగా తిరుగుతున్నా ఆయన అందరికన్నా ముందు విని ఆపించేవాడు.

అక్కడ ఎవరూ నోటితో మాట్లాడుకోరు. గుప్పిట బిగిస్తే ఆపమని, అరచెయ్యి కిందికి ఊపితే దించమని, బొటనవేలు నోటి దగ్గర పెడితే టీకి వెళ్దామని, హెల్మెట్ మీద రెండుసార్లు తడితే పెద్ద సార్ వస్తున్నాడు జాగ్రత్త అని అర్థం. మిగతాదంతా పెదాలు చూసి గ్రహించాలి. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చేసింది. మిల్లులో పనిచేసే మగాడు మేముండే ఖుర్సీపార్ బస్తీలో వీధి చివర నుంచే పెళ్లాన్ని చేతిసైగతో అన్నం వడ్డించమనేవాడు. పైగా మాట్లాడితే అరుపే. అక్కడ మేం పది కుటుంబాల తెలుగువాళ్లం ఒకే వరసలో ఉండేవాళ్లం, మామూలుగా మాట్లాడుకుంటుంటే కొత్తవాళ్లు తగువనుకుని తలుపులు వేసుకునేవారు.

ఈ మోతంటే మా అత్తకు మొదటినుంచీ పడేది కాదు. ఆవిడది పలాస అవతల చిన్న ఊరు. పెళ్లయి వచ్చిన మొదటి వారమే, ఈ ఊళ్లో మనుషులు ఎప్పుడు నిద్రపోతారని అడిగిందట. ప్లాంటు హోరు, చరోదా రైల్వే యార్డులో వ్యాగన్లు ఒకదానికొకటి గుద్దుకునే శబ్దం, గణేష్ పందిరి మైకులు, దుర్గ పందిరి మైకులు, వీధి చివర వెల్డింగ్ షాపు. వీటి మధ్య మావయ్య నైట్‌షిఫ్ట్ చేసి వచ్చి పగలు పడుకుంటే, ఆయన నిద్ర చెడకూడదని కిటికీలకు దుప్పట్లు కట్టి, వీధిలో పిల్లల్ని అదిలిస్తూ కాపలా కూర్చునేది. తనకు నిద్రెక్కడిది. "రిటైరయ్యాక మా ఊరు దగ్గిర జీడితోటల్లో రెండు గదులేసుకుని పడుకుంటానర్రా. ఎవులు లేపినా లేవను," అని మా అందరితో అనేది. మావయ్య మాటిచ్చాడు. మాటివ్వడమే కాదు, రెండు గదుల ఇల్లు మొదలుపెట్టించాడు కూడా. ఆవిడ ప్రతి సెలవుకూ వెళ్లి ఆ గోడలు చూసుకుని వచ్చేది. కిటికీ ఎటు పెట్టాలి, బావి ఎక్కడ తవ్వాలి అని మాకు చీపురుపుల్లతో నేల మీద గీసి చూపించేది. ఆవిడ ఇంకోటి అడగగా నేను ఎన్నడూ వినలేదు.

అలాంటి రోజుల్లో మిల్లుకు కొత్త యంత్రం ఒకటి కొరియా నుంచి వస్తోందని, దాని పని నేర్చుకోవడానికి అయిదుగురిని మూడు వారాలు అక్కడికి పంపిస్తారని తెలిసింది. మావయ్య రిటైర్మెంటుకు రెండేళ్లు ఉంది. ఆయన్ని పంపడం దండగని కొందరన్నారు, కానీ ఆయన లేకుండా ఆ యంత్రం నడవదని మా ఇన్‌చార్జి పట్టుబట్టాడు. అయిదో పేరు నాది. మామా అల్లుళ్లు హనీమూన్‌కి వెళ్తున్నారని షిఫ్టు మొత్తం వారం రోజులు ఏడిపించింది. అక్కడ మమ్మల్ని సముద్రం ఒడ్డున ఒక ఉక్కు నగరంలో పెట్టారు. ప్రపంచమంతా తిరిగి మళ్లీ భిలాయ్‌కే వచ్చినట్టుంది, అవే పొగగొట్టాలు, అదే హోరు. తేడా ఒక్కటే, అక్కడ మాకు శని ఆదివారాలు సెలవు. షిఫ్టు మనిషికి ఇది ఎంత వింతో బయటివాళ్లకు తెలియదు. మా వారాంతం ఒక్కోసారి మంగళవారం వస్తుంది, ఒక్కోసారి గురువారం. వరసగా రెండు రోజులు ఏం చేయాలో మాకు తోచలేదు. మిగతా ముగ్గురూ పెద్ద నగరానికి షాపింగుకు బయల్దేరారు.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. మావయ్య మాకు దుబాసీగా ఉన్న నడివయసు ఆవిడను, ఈ చుట్టుపక్కల చప్పుడు లేని ఊరేదైనా ఉందా అని నా చేత అడిగించాడు. తను పుట్టిన ఊరు ఉంది, రైల్లో రెండున్నర గంటలు, కానీ అక్కడ చూడ్డానికి ఏమీ లేదు, ముసలివాళ్లు, పండ్లచెట్లు తప్ప అంది ఆవిడ. అదే కావాలన్నాడు మావయ్య. "రెండేళ్లలో ఎలాగూ అలాంటి ఊర్లోనే ఉండాలి కదరా అల్లుడూ. రిహార్సల్ చేసీసి వద్దాం," అన్నాడు. నాకు నిజానికి గదిలో పడి నిద్రపోవాలని ఉంది. అప్పటికే నాకు నలభై ఏడు, ఒళ్లంతా ఎప్పుడూ ఎవరో కొట్టినట్టు ఉండేది. కానీ మావయ్యను ఒక్కడినీ పంపలేను కదా.

శనివారం ఉదయం మొదటి బండి మాకు దొరకలేదు. తప్పు పూర్తిగా మా ఊరిది. మా భిలాయ్ పవర్‌హౌస్ స్టేషన్లో బండి టైము ఎంతో ఇంట్లోంచి బయల్దేరే టైము కూడా అంతే, అయినా ప్లాట్‌ఫారం మీద అరగంట కూర్చుని పల్లీలు తినాల్సొస్తుంది. ఆ లెక్కన మేం తీరిగ్గా నడుచుకుంటూ వెళ్లేసరికి బండి తోక కనిపించింది. ఒక్క నిమిషం తేడా. మావయ్య తన గడియారం చూసుకుని, స్టేషన్ గడియారం చూసి, రెండూ సరిగ్గానే ఉన్నందుకు చిరాకుపడ్డాడు. గంటన్నర తర్వాత ఇంకో బండి ఎక్కాం. అందులో మేం గుసగుసగానే మాట్లాడుకుంటున్నాం అనుకున్నాం. కాసేపటికి టిక్కెట్లు చూసే అమ్మాయి వచ్చి, వంగి దణ్ణం పెట్టి, పెదాల మీద వేలు పెట్టి నవ్వింది. పెట్టెలో అందరూ మావైపే చూస్తున్నారు. సిగ్గేసి, మిల్లు సైగల్లోకి దిగిపోయాం. తర్వాతి స్టేషన్లో ఎక్కిన ఒకావిడ మా చేతుల వంక కొంతసేపు చూసి, మమ్మల్ని మూగవాళ్లు అనుకుంది కాబోలు, సంచిలోంచి తీసి చెరో నారింజ ఇచ్చింది. ఇక ఆవిడ ముందు మాట్లాడితే బాగుండదని దిగేదాకా ఇద్దరం నోళ్లు మూసుకు కూర్చున్నాం.

ఊరి స్టేషన్ చిన్నది. ఒక గది, రెండు బెంచీలు, వరసగా పూలకుండీలు. దిగగానే మావయ్య చేసిన పని ప్లాట్‌ఫారం అంచున ఒంగి పట్టా మీద అచ్చుపడిన అక్షరాలు చదవడం. ఎక్కడ రైలు దిగినా ఆయనకు ఇది అలవాటే, తను చేసిన పట్టా ఏమోనని చూసుకుంటాడు. టోపీ పెట్టుకున్న స్టేషన్ ఉద్యోగి ఒకాయన, ఈ ముసలాయన పట్టాల మీద పడతాడేమోనని పరిగెత్తుకొచ్చాడు. "మన్ది కాదురా," అని మావయ్య నాకు చెప్పి, ఆయన భుజం తట్టి, బాగుందన్నట్టు బొటనవేలు చూపించాడు.

స్టేషన్ దాటితే ఊరు ఒక్క చూపులో అయిపోయింది. కోతలైన వరిపొలాలు, రాళ్ల గోడల సందులు, ఒక చిన్న ఏరు. రోడ్డు అంచున టార్పాలిన్లు పరిచి ఎర్ర మిరపకాయలు ఎండబెట్టారు. ప్రతి పెరట్లోనూ ఆకులు రాలిన చెట్లకు నారింజ రంగు పండ్లు. వాటినే చెక్కు తీసి దండలు గుచ్చి చూరు కింద వేలాడదీశారు. ఒకాయన కోసి ఇస్తే మావయ్య కొరికి చూసి, "ఇది మన తునికిపండుకి పెద్దన్నరా," అని తేల్చాడు. చప్పుడన్నది లేదు. ఆ ఊళ్లో నిలబడగానే నా భుజాలు కిందికి దిగాయి. అప్పటిదాకా అవి పైకి బిగుసుకుని ఉన్నాయని కూడా నాకు తెలియదు. అత్తను తీసుకొచ్చి ఇక్కడ పడుకోబెడితే మూడు రోజులు లేవదు కదా అనిపించింది.

ఇంట్లో గది అద్దెకిచ్చే ఒక పెద్దావిడ దగ్గరికి దుబాసీ రాసిచ్చిన చీటీ పట్టుకుని వెళ్లాం. ఆ ఇంట్లో మంచాలు లేవు, నేల కింద నుంచి వెచ్చగా ఉంటుంది, దాని మీదే బొంతలు పరుచుకుని పడుకోవాలి. నేను ఇంగ్లీషు ముక్కలతో కుస్తీ పడుతుంటే మావయ్య సైగలతో ఆవిడను నవ్వించేశాడు. తనకు కూతురు ఒకతే అని, మోకాళ్ల నొప్పులని, ఆవకాయ తెచ్చానని, దాన్ని కొంచెమే నాలిక్కి రాసుకోవాలని, అన్నీ చేతులతోనే చెప్పాడు. ఆవిడా చేతులతోనే జవాబులిచ్చింది. నాకు అసూయ కూడా కలిగింది. ఈయన ఏ దేశంలో పడేసినా బతుకుతాడు అనుకున్నాను. ఆ మూడు వారాలూ మావయ్య ఎందుకంత హుషారుగా ఉన్నాడో నాకు అప్పుడు తెలియదు. మాట వినపడకపోయినా తప్పుకాని చోటు ఆయనకు అదొక్కటే దొరికింది. అక్కడ మా అయిదుగురిలో ఎవరికీ ఏ మాటా అర్థం కాదు.

భోజనం అయ్యాక ఏటి గట్టున నడిచాం. మావయ్య ముందు, నేను చెప్పులో రాయి పడితే తీసుకుంటూ వెనక. ఆ సన్నటి దారిలో వెనక నుంచి పొలం దున్నే చిన్న బండి ఒకటి తొట్టి తగిలించుకుని వస్తోంది. దాని ఇంజను టకటక మోగుతోంది, నడిపే ముసలాయన హారన్ కొడుతున్నాడు. నేను పక్కకు తప్పుకుని, "మావా, జరుగు," అన్నాను. ఆయన జరగలేదు. గట్టిగా పిలిచాను. నా గొంతు ఆ ఊరంతా వినపడి ఉంటుంది, ఒక ఇంట్లో కుక్క మొరిగింది. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని తన మానాన తను నడుస్తున్నాడు. పరిగెత్తి చెయ్యి పట్టుకుని లాగాను. బండి ముసలాయన దిగి తప్పు తనదైనట్టు వంగి వంగి దణ్ణాలు పెట్టాడు. "ఏదో ఆలోచనలో పడిపోనాన్రా," అన్నాడు మావయ్య, నా మొహం చూసి. సరే అన్నాను. కానీ మనసు ఒప్పుకోలేదు. కొంతదూరం పోయాక వెనక పడి, మామూలుగా పిలిచాను. తర్వాత చప్పట్లు కొట్టాను. ఆయన తిరగలేదు. ఇరవై ఏళ్లకు పైగా ఆయన పక్కన నిలబడి పనిచేశాను, ఒక్కనాడు అనుమానం రాలేదు. ఎలా వస్తుంది, మా మిల్లులో ఎవరికీ ఏమీ వినపడదు, ఎవరిదీ ఎవరికీ వినపడనక్కర్లేదు. ఇంట్లో అత్త పిలిస్తే పలకడని గొణిగేది, మగాళ్లంతా అంతేలే అని మేం నవ్వేవాళ్లం.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఆయన బొంత మడతపెట్టి ఉంది. ఇంటావిడ స్టేషన్ వైపు చెయ్యి చూపించింది. వెళ్లి చూస్తే మంకీ క్యాప్ పెట్టుకుని బెంచీ మీద ఒక్కడే కూర్చున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పొద్దున్నే ఇక్కడేటని అడిగాను. నా పెదాల వంక చూసి, బండి ఏదైనా వస్తుందేమోనని అన్నాడు. పదిదాకా ఏ బండీ లేదన్నాను. "గూడ్సేటైనా రావొచ్చు కదా," అన్నాడు. మళ్లీ తనే, "నీకీ ఊర్లో ఏటి వినిపిస్తందిరా?" అని అడిగాడు.

నేను చెవులు పెట్టి విన్నాను. "ఏటీ లేదు. ఎక్కడో కోడి కూస్తంది. ఆకులు రాల్తన్నాయి," అన్నాను.

"నాకు మన రంపం వినిపిస్తంది," అన్నాడు. "నిన్న బండి దిగినకాడ్నించి ఆపకుండా కోస్తానే ఉంది. ఏడెనిమిదేళ్ల నుంచి ఉంది ఇది చెవిలో. మిల్లులో ఉంటే తెలీదు, ఆ మోత దీన్ని మింగేస్తాది. ఇంటికాడ కూడా ఏదో మోత ఉంటాది కదా. ఇక్కడ దీనికి అడ్డొచ్చేదేటీ లేదు. తలకాయి పగిలిపోతంది."

అత్తకు తెలుసా అని అడిగాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "తెలీదు. నువ్వు తెలీనీకు. నీ నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెల్సు, అయినా ఇదొక్కటీ దాచు. చెప్పీసావంటే ఆ ఇల్లు మానేస్తాది. ముప్పయ్యేళ్లు నా డ్యూటీ గురించి ఆ మోతలో పడుంది. ఇంక నా చెవి గురించి కూడా పడుండాలేటి?" నువ్వు ఎలా ఉంటావక్కడ అంటే, "ఉంటాను. మిల్లులోనే ఉన్నాను, అక్కడుండలేనా," అన్నాడు. సాయంత్రం దాకా ఉండాల్సినవాళ్లం పదింటి బండికే తిరిగి వచ్చేశాం. ఉక్కు నగరం దగ్గరపడి హోరు మొదలయ్యాక ఆయన తల కిటికీకి ఆనించి నిద్రపోయాడు. ఎదురుగా కూర్చుని చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

భిలాయ్ చేరాక అత్త నన్ను కూర్చోబెట్టి, ఆ పల్లెటూరు ఎలాగుందిరా అని అడిగింది. చాలా బాగుందత్తా, నీ జీడితోట లాగే ఉంది అన్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. మీ మావయ్యకి నచ్చిందా అని అడిగింది. నచ్చిందన్నాను. ఆయన పక్కనే నిలబడి నా పెదాలు చూస్తున్నాడు.

రెండేళ్లకు ఆయన రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి, సామాను లారీకెత్తి, అన్నమాట ప్రకారం పలాస వెళ్లారు. ఏడు నెలలు ఉన్నారు. ఆ తర్వాత ఒకరోజు అత్త ఫోన్ చేసి, ఖుర్సీపార్‌లో ఏదైనా చిన్న ఇల్లు చూడమంది. "నాకిక్కడేటీ తోచట్లేదురా. మాటాడ్డానికి మనిషి లేడు. మన వీధే నయం," అంది. నేను నమ్మాను. నమ్మానని చెప్పడం కూడా సరికాదు, గుండెల మీద బరువు దిగి సంతోషపడ్డాను. అత్తే కోరి వస్తోంది, మావయ్య బాధ తీరింది, నేను మాట తప్పనక్కర్లేదు. రైల్వే లైనుకు దగ్గరగా ఒక ఇల్లు వెతికి పెట్టాను. ఆ తోటలో ఇల్లు తర్వాత ఎవరికో ఇచ్చేశారు. కొన్నాళ్లకు మావయ్య చెవుడు అందరికీ తెలిసిపోయింది, ముసలితనం అన్నారు. చెవిలో రంపం సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. పోయినేడాది వానాకాలంలో ఆయన పోయాడు.

ఇన్నాళ్లకు ఆ చెక్క గదిలో తలుపు మూశాక నాకు ఆ కూత వినిపించింది. నా చెవిలోనే. సన్నగా, ఆగకుండా. డాక్టరు తర్వాత అడిగితే అవునని ఒప్పుకున్నాను, దీనికి మందు లేదు, అలవాటు చేసుకోవాలన్నాడు. నేను ఆ గదిలో ఉన్నది పావుగంట. ఆ పావుగంటకే లేచి తలుపు తన్ని బయటికి పోవాలనిపించింది. మావయ్య ఆ తోటలో ఏడు నెలలు ఎలా ఉన్నాడన్నది నాకు ఆ రోజు అర్థమైంది, ఇది ఇంక నాలో దాచుకోవడం నా వల్ల కాదనిపించింది. ఆస్పత్రి నుంచి మా ఆవిడను ఇంటికి పంపేసి, తిన్నగా అత్త దగ్గరికి వెళ్లాను.

అత్త గడపలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. లైను మీద బొగ్గు బండి పోతోంది, అది పోయేదాకా ఆగి, ఆ స్టేషన్ బెంచీ సంగతంతా చెప్పాను. ఆవిడ చేతులు ఆపకుండా విన్నది. తిడుతుందనుకోలేదు. మావయ్యను తలుచుకుని ఏడుస్తుందని, నేను ఓదార్చాలని అనుకుని వెళ్లాను. చేతిలో ఉన్న పిక్క తీసి పడేసి అప్పుడు మాట్లాడింది.

"పొద్దున్న టిఫినీ తినీసి సైకిలేసుకుని పలాస టేసనుకెళ్లిపోయేవోడు," అంది. "పొద్దుగూకితే గాని వచ్చేవోడు కాడు. నేను కిటికీకాడ కూకుని ఆ జీడిచెట్లకేసి చూసుకునేదాన్ని. పిలిస్తే పలికేవోడు కాడు. ఇన్నేళ్లూ డ్యూటీ అడ్డుంది కాబట్టి సరిపోయింది, ఇప్పుడు నేనొక్కదాన్నే ఎదురుగా కనబడితే ఈయనకి నా మొహం చూడబుద్దేయట్లేదు అనుకున్నాను. అందుకే వచ్చీసినాను. తోచక కాదు."

మావయ్య నీ కోసమే దాచాడత్తా అన్నాను.

"మీ మంచితనం తగలెయ్య," అంది. గొంతు పెంచలేదు. "ఒక్క మాట చెప్పుంటే ఏటయ్యేదిరా? ఆ ఇంట్లో నాలుగు ఫేన్లు, రెండు రేడియోలు పెట్టుందును. లేపోతే ఆయన్నిక్కడుంచీసి నెలకి పది రోజులు నానొక్కదాన్నీ పోయి పడుకుందును. మీరిద్దరూ టేసన్లో కూకుని నా గురించి తేల్చీసుకున్నారు. మొగుడు నన్ను చూసి పారిపోతన్నాడనుకుని పన్నెండేళ్లున్నాను. నువ్వేమో పండక్కీ పబ్బానికీ వచ్చి నా చేతి గారెలు తినెళ్లావు."

వెల్డింగ్ షాపు మోత, ఎవరింట్లోనో టీవీ, ఇంకో బండి. చింతపండు పళ్లెం పక్కన పెట్టి ఆవిడే అంది, "ఆ మాట మళ్లీ చెప్పు. ఆ టేసన్లో ఏటన్నాడో ఉన్నదున్నట్టు చెప్పు." మళ్లీ చెప్పాను. నా డ్యూటీ గురించి ముప్పయ్యేళ్లు పడుంది, నా చెవి గురించి కూడా పడుండాలా అన్న దగ్గర ఆపమంది. "అలాగే అన్నాడా?" అంది. అలాగే అన్నాడన్నాను. చేతికి చింతపండు ఉందని మోచేత్తో కళ్లు తుడుచుకుని, ఇంకోసారి చెప్పమంది. మూడోసారి కూడా చెప్పాను. వినాల్సిన ఇంకో మనిషి ఆ గడపలో లేడు. అడిగి తెలుసుకోవడానికి, తిట్టడానికి, పోనీలే అనడానికి ఆవిడకు మిగిలింది నేనొక్కణ్ణే. కాలం గడిస్తే అన్నీ సర్దుకుంటాయంటారు. చెప్పని మాట చెప్పేదాకా ఎక్కడికీ పోదు, చెప్పుకోవాల్సిన మనుషులే ఒక్కొక్కరూ తగ్గిపోతారు.